బొమ్మలో కలిసిపోయిన అక్షరం

మజీద్ మజీదీ తీసిన ఇరానీ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’లో (1997) అన్నాచెల్లెళ్లు నోరు మెదపకుండా పోట్లాడుకునే ఘట్టం ఒకటుంది. చెల్లెలు జహ్రా బూట్లను అలీ పోగొట్టాడు. సంగతి నాన్న చెవిన పడకూడదు. అందుకని పెద్దవాళ్లున్న గదిలోనే చదువుకుంటున్నట్టు కూర్చుని, నోటుపుస్తకంలో రాసి ఒకరికొకరు చూపించుకుంటారు. ఒకపక్క నాన్న మాటలు, ఇంకోపక్క పిల్లల రాతలు. ఫార్సీ రాని ప్రేక్షకుడికి రెండూ అందాలి. ఏది మాటో ఏది రాతో తికమక లేకుండా అందాలి. నాన్న మాట తెర అడుగున, పిల్లల రాత నోటుపుస్తకం దగ్గర కనిపిస్తే ఆ గదిలోని భయం, అలక మనదాకా వస్తాయి. రెండింటినీ అడుగునే ఒకదాని మీద ఒకటి పేర్చేస్తే చూసేవాడికి చదువుకునే పని ఒక్కటే మిగులుతుంది.

ఈ సినిమాను తెలుగు మాత్రమే చదవగలిగే పిల్లలకు చూపించాలనుకోండి. బళ్లో టీవీ ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెట్టే చోటూ ఉంటుంది. వీడియో పక్కన సబ్‌టైటిల్ ఫైలును విడిగా పెడితే ఆ టీవీ దాన్ని గుర్తిస్తుందన్న భరోసా లేదు. గుర్తించినా తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు చూపొచ్చు, లేదా వత్తులన్నీ విడిపోయి పొల్లులతో నిండిన వాక్యం చూపొచ్చు. వాట్సాప్‌లో పంపుదామంటే అక్కడ సబ్‌టైటిల్ ఎంచుకునే వీలే లేదు. అప్పుడున్న దారి ఒకటే. వీడియోను ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మార్చేటప్పుడే అక్షరాలను బొమ్మలో కలిపేయాలి. ఈ పని చేసేవాళ్లు దీన్ని బర్న్ చేయడం అంటారు, అలా తయారైన దాన్ని హార్డ్‌సబ్ అంటారు. కలిశాక అది అక్షరంగా మిగలదు, ఫ్రేములోని చుక్కలుగా మారిపోతుంది. చూపించే పరికరానికి తెలుగు వచ్చినా రాకపోయినా ఒకేలా కనిపిస్తుంది. దాన్ని ఆపేయడం, జరపడం, దిద్దడం ఇక ఎవరి చేతిలోనూ ఉండదు.

చెరిపే వీలు లేని పని కాబట్టే అందులోని పనితనాన్ని దగ్గరగా చూడాలనిపిస్తుంది. విడి సబ్‌టైటిల్‌లో తప్పుంటే రేపు మార్చుకోవచ్చు. బర్న్ చేసినదానిలో అక్షరం పరిమాణం, ఫాంటు, అంచు, చోటు, సమయం అన్నీ ముందే తేలిపోవాలి. అక్షరం ఎక్కిన ప్రతి చోటా దర్శకుడు, ఛాయాగ్రాహకుడు కూర్చుకున్న బొమ్మలో కొంత భాగం పోతుంది. ఎంత తక్కువ తీసుకుని ఎంత స్పష్టంగా చెప్పామన్నదే ఇక్కడి నైపుణ్యం.

ఫిల్ము రీళ్ల కాలంలో ఈ పని చేతికి వేడి తగిలే పని. 1930లో నార్వేకు చెందిన లీఫ్ ఎరిక్సన్ ఫిల్ము మీది రసాయనపు పొరను తడితో మెత్తబరిచి దానిపై అక్షరాలను నేరుగా అద్దే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తరవాత వచ్చిన రసాయన పద్ధతి మరింత సొగసైనది. ప్రింటు అంతటా పారఫిన్ మైనం పలచగా పూసేవారు. చిన్న లోహపు అచ్చులను వేడిచేసి ఒక్కో ఫ్రేము మీద నొక్కేవారు. అక్షరం తాకినచోట మైనం కరిగిపోయేది. ఆపైన ఫిల్మును బ్లీచు ద్రావణంలో నడిపిస్తే మైనం లేని చోట బొమ్మ పొర కరిగి, వెలుతురు నేరుగా దూరే తెల్లని అక్షరం మిగిలేది. మన కలంకారీలో నీలి రంగు అంటకూడని చోట మైనం రాసి గుడ్డను రంగులో ముంచడం లాంటిదే ఇది. 1988 నాటికి పారిస్‌లో డెనీ ఒబొయే లేజర్‌తో ఆ పొరను కాల్చి రాసే పద్ధతి వాడుకలోకి తెచ్చాడు. లేజర్‌కు ముందరి పద్ధతులకు ఒక లోటు ఉండేది. అక్షరం తెలుపు, చుట్టూ నల్లని గీత లేదు. తెల్ల చొక్కా మీద, మంచు మీద, మధ్యాహ్నపు ఆకాశం మీద పడిందంటే చదవడం కష్టం.

అలాంటి లోటు లేకుండా అక్షరాన్ని గీసే ఒకదాని గురించే ఈ వ్యాసం. అది లిబ్‌ఆస్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. దీని పేరు చాలామందికి తెలియదు, ఎందుకంటే అది నేరుగా కనిపించదు. వీడియోలు మార్చడానికి వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లోపల, దాని మీద ఆధారపడిన ఎన్నో ఉచిత కన్వర్టర్ల లోపల, బొమ్మ మీద అక్షరాన్ని గీసే చెయ్యి ఇదే.

దీని వంశం ఆసక్తికరమైనది. 1990లలో జపాను యానిమేషన్ అభిమానులు తమకు తాముగా సబ్‌టైటిళ్లు రాసుకునేవారు. వాళ్లు వాడుకున్న సబ్‌స్టేషన్ ఆల్ఫా అనే ప్రోగ్రామును కోటస్ అనే మారుపేరుతో ఒకరు రాశారు. ఆ ఫార్మాట్ పెరిగి ‘అడ్వాన్స్‌డ్ సబ్‌స్టేషన్ ఆల్ఫా’ అయింది, పొట్టిగా ఏఎస్ఎస్. అభిమానులకు సంభాషణ రాస్తే సరిపోలేదు. దుకాణం బోర్డు మీది జపాను అక్షరాలకు అనువాదం ఆ బోర్డు వంపులోనే కూర్చోవాలి, పాట పాడుతుంటే ఒక్కో పదం వెలగాలి. వీటికి తగ్గట్టు ఫార్మాట్‌లో వంపు, తిప్పు, మసక, రంగు మారడం అన్నీ చేరాయి. విండోస్‌లో వీటిని గీసి చూపిన వీఎస్‌ఫిల్టర్‌ను గాబెస్ట్ రాశాడు. అదే పనిని విండోస్ అవసరం లేకుండా చేయడానికి ఎవ్‌గెనీ స్టెపానోవ్ ఎమ్‌ప్లేయర్ అనే వీడియో ప్లేయర్ కోసం మొదలుపెట్టినది లిబ్‌ఆస్. ఆ తరవాత ఎన్నో చేతులు దాన్ని పోషించాయి.

కొత్తగా రాసేవాళ్లు పాతదాని వంకరలను సరిచేయాలనుకోవడం సహజం. లిబ్‌ఆస్ రాసినవాళ్లు ఆ ఆశను అదుపులో పెట్టుకున్నారు. వేల స్క్రిప్టులు అప్పటికే వీఎస్‌ఫిల్టర్‌లో ఎలా కనిపిస్తే అలా కొలుచుకుని రాసినవి. అక్షరం రెండు చుక్కలు పక్కకు జరిగితే బోర్డు మీద కూర్చున్న పేరు బోర్డు దాటిపోతుంది. అందుకని పాత దాని చిత్రమైన లెక్కలను కూడా చాలావరకు అలాగే పాటించారు. ఇతరులు చేసిన పనిని పాడుచేయకూడదన్న ఈ మర్యాద నాకు చాలా గొప్పగా తోస్తుంది.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. ‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. కంప్యూటరు దాచుకునేది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. కంటికి కనిపించాల్సింది వేరు. అన్నిటికంటే చివర ఉన్న గుడి అన్నిటికంటే ముందున్న ‘స’ నెత్తికి ఎక్కాలి, ‘స’ తలకట్టు తప్పుకోవాలి, తకారం వత్తుగా మారి కిందికి దిగాలి, రకారం వత్తై దానితో పొసగాలి. ఈ కూర్పును లిబ్‌ఆస్ సొంతంగా చేయదు. హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీని అడుగుతుంది. అది ఫాంటులోపల ఫాంటు గీసినవాళ్లు పెట్టిన పట్టికలు చదివి, ఏ రూపం ఎక్కడ కూర్చోవాలో లెక్కతో చెబుతుంది. ఉర్దూ, ఫార్సీల్లాంటి కుడినుంచి ఎడమకు రాసే లిపుల వరస చూడటం ఫ్రీబిడీ వంతు. ఫాంటు లోపలి రూపాల వంపులను తెచ్చివ్వడం ఫ్రీటైప్ వంతు. ఎవరికి చేతనైన పని వాళ్లకు అప్పగించి, అన్నీ కలిపి ఒక వరసలో నిలబెట్టడం లిబ్‌ఆస్ పని. హార్ఫ్‌బజ్ లేకుండా కూర్చిన పాత సాఫ్ట్‌వేర్లలో తెలుగు సబ్‌టైటిల్ పెడితే ఏమవుతుందో చూసినవాళ్లకు ఈ అమరిక విలువ తెలుస్తుంది: స్-త్-ర, ఆ పక్కన దిక్కులేని గుడి.

రూపాలు దొరికాక గీత మొదలవుతుంది. లిబ్‌ఆస్ వీడియోను ముట్టుకోదు. పొరలు తయారుచేసి అందిస్తుంది, కలపడం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చూసుకుంటుంది. ఒక్కో పొరకు ఒకే రంగు, తెర మీద ఒక చోటు, ప్రతి చుక్కకు 0 నుంచి 255 వరకు ఒక సాంద్రత. వంపు అంచుల్లో ఆ సాంద్రత మెల్లగా తగ్గుతుంది కాబట్టి మెట్లుమెట్లుగా కనిపించదు. డీవీడీల్లోని సబ్‌టైటిళ్లను చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ అక్షరం చిన్న బొమ్మ మాత్రమే, దానికి దక్కేది నాలుగు రంగులు. పెద్ద తెరకు సాగదీస్తే అంచులు రంపపు పళ్లలా లేస్తాయి.

లిబ్‌ఆస్ పొరల వరసలో ఒక చక్కటి విచక్షణ ఉంది. ముందు నీడలన్నీ, వాటి మీద అంచు గీతలన్నీ, అన్నిటికంటే పైన అక్షరాలన్నీ. ఒక అక్షరాన్ని దాని నీడతో, అంచుతో పూర్తిగా గీసి తరవాత పక్కదానికి వెళితే, పక్కదాని నల్లని అంచు మొదటి అక్షరం మీద పడుతుంది. ఇంగ్లిష్‌లో అక్షరాలు విడివిడిగా నిలబడతాయి కాబట్టి ఆ నష్టం పెద్దగా తెలియదు. తెలుగులో వత్తు పక్క అక్షరం కిందికి పాకుతుంది, కొమ్ము చాపుకుని పక్కవాడి చోట్లోకి వెళుతుంది. ‘వ్యాఖ్య’ లాంటి మాటను అక్షరానికొక అంచు చొప్పున గీస్తే వత్తుల మీద నల్లని కోతలు పడతాయి. జపాను, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లను మనసులో పెట్టుకుని రాసిన లైబ్రరీ తెలుగుకు ఇంత అచ్చంగా పనికిరావడం చూస్తే ముచ్చటేస్తుంది.

అంచు మందం మాత్రం మన చేతిలో ఉంటుంది, అక్కడ మనమే జాగ్రత్త పడాలి. తెలుగు అక్షరాల్లో అర్థాన్ని మోసే గుర్తులు చాలా చిన్నవి. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింద ఉన్న చిన్న గీత, ‘ర’కూ ‘ఠ’కూ తేడా కడుపులోని చుక్క. అంచు మరీ లావైతే ఆ సందులన్నీ నల్లగా పూడిపోతాయి. మరీ సన్నమైతే తెల్లని నేపథ్యంలో అక్షరమే కరిగిపోతుంది. నేను సన్నని అంచుకు కొంచెం మసక నీడ చేర్చడం ఇష్టపడతాను. అక్షరం వెనక నల్లని పెట్టె పెట్టే వీలు కూడా ఉంది, అది చదవడానికి హాయిగానే ఉంటుంది కానీ బొమ్మలో చాలా చోటు మింగేస్తుంది.

పరిమాణం దగ్గర తెలియకపోతే చిక్కుపడే లెక్క ఒకటుంది. సాదా ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలులో మాట, సమయం తప్ప రూపం గురించి ఏమీ ఉండదు. దాన్ని బర్న్ చేయమంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ముందు ఏఎస్ఎస్‌గా మార్చుకుంటుంది. అప్పుడు 384 అడ్డం, 288 నిలువు ఉన్న ఊహా తెరను పెట్టుకుని, ఏరియల్ ఫాంటు, పరిమాణం 16 అని తనే రాసుకుంటుంది. అంటే అక్షరం ఎత్తు తెర ఎత్తులో పద్దెనిమిదో వంతు. 1080 వరసల వీడియోలో అది 60 పిక్సెళ్లు. ఏ వీడియోకైనా అదే నిష్పత్తి నిలుస్తుంది, ఇది తెలివైన ఏర్పాటు. కానీ ఆ 60లో అక్షరంతో పాటు పైన, కింద ఫాంటు అట్టిపెట్టుకున్న ఖాళీ కూడా కలిసే ఉంటుంది. వత్తుల మీద వత్తులకు చోటివ్వాలి కాబట్టి తెలుగు ఫాంటులు కింద ఎక్కువ ఖాళీ ఉంచుకుంటాయి. దాంతో ఒకే అంకె వేసినా తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరం కంటే చిన్నదిగా వస్తుంది. 22, 24 దాకా పెంచితేనే బళ్లో వెనక బెంచీ పిల్లవాడు చదవగలడు.

ఏరియల్‌లో తెలుగే లేదు. ఫాంటు పేరు మనం చెప్పకపోతే లిబ్‌ఆస్ ఆ కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలున్న మరో ఫాంటును వెతికి తెచ్చుకుంటుంది. డబ్బాలు రాకుండా కాపాడే ఈ శ్రద్ధ మెచ్చదగినదే. అయినా ఏది దొరుకుతుందో ముందుగా తెలియదు కాబట్టి శైలి ఆదేశంలో ఫాంటు పేరు రాయడమే మంచిది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంటుల్లో మండలి, గూగుల్ వాళ్ల నోటో సాన్స్ తెలుగు రెండూ తెర మీద శుభ్రంగా నిలుస్తాయి. సన్నని, మందమైన గీతలు కలగలిసిన అలంకారపు ఫాంటులు పుస్తకం అట్టకు బాగుంటాయి, కదిలే బొమ్మ మీద వాటి సన్నని భాగాలు తెగిపోతాయి.

సమయపాలన గురించి కొంచెం. ఎస్‌ఆర్‌టీలో సమయం సెకనులో వెయ్యో వంతు వరకు ఉంటుంది, ఏఎస్ఎస్‌లో వందో వంతు వరకే. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో ఒక ఫ్రేము నిలిచేది సుమారు 42 మిల్లీసెకన్లు కాబట్టి వందో వంతు చాలు. మాట మూడు సెకన్లు నిలిచిందంటే అది 72 ఫ్రేముల మీద పడుతుంది. డెబ్బై రెండుసార్లూ అదే అక్షరాన్ని మొదటినుంచి గీయాల్సిన పని లేదు. గీసిన రూపాలను లిబ్‌ఆస్ దాచుకుంటుంది. కిందటి ఫ్రేముకూ దీనికీ తేడా ఏమీ లేదా, చోటు మాత్రమే మారిందా, బొమ్మే మారిందా అని అడిగినవాళ్లకు మూడు అంకెల్లో చెబుతుంది. సినిమా మొత్తం బర్న్ చేస్తున్నా అక్షరాల వల్ల పెద్దగా ఆలస్యం కాకపోవడానికి రూపాలను ఇలా దాచుకోవడం ఒక కారణం.

వేగాల తేడాకు మాత్రం లిబ్‌ఆస్ ఏమీ చేయలేదు. ఐరోపా డీవీడీల్లో సినిమా సెకనుకు 25 ఫ్రేములతో కాస్త వేగంగా నడుస్తుంది, అమెరికా డీవీడీల్లో 23.976తో. ఒకదానికి రాసిన సబ్‌టైటిళ్లను ఇంకోదానికి పెడితే మొదట్లో తేడా కనిపించదు. గంటన్నర సినిమా ముగిసేసరికి మాటకూ రాతకూ మూడున్నర నిమిషాలకు పైగా ఎడం వస్తుంది. ఇంకో చిక్కు, సినిమాలో ముక్క మాత్రమే తీసుకునేటప్పుడు వస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆదేశంలో మొదలయ్యే సమయాన్ని ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందు రాస్తే గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. అప్పుడు నడిమి దృశ్యం మీద మొదటి దృశ్యపు మాటలు వచ్చి కూర్చుంటాయి. అందుకే రెండు గంటల పని అప్పగించే ముందు సినిమా మొదట్లో, నడుమ, చివర ఒక్కో నిమిషం తీసి చూసుకోవాలి.

బర్న్ చేయడమంటే వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయడమే. వేరే దారి లేదు, ఎందుకంటే చుక్కలే మారాయి. ధ్వనిని ముట్టుకోనక్కర్లేదు, ఉన్నదున్నట్టు నకలు తీసుకోవచ్చు. చాలామంది అనవసరంగా దాన్నీ మళ్లీ కుదించి పాడుచేస్తారు. ఇక వీడియో కుదింపుకు అక్షరం కష్టమైన అతిథి. నల్లని అంచు మీద తెల్లని గీత అంటే ఒక్క చుక్కలో అట్టడుగు నుంచి ఆకాశానికి దూకడం. కుదింపు పద్ధతులు మెల్లగా మారే రంగులను బాగా మోస్తాయి, ఇలాంటి దూకుళ్లను మోయలేక చుట్టూ మురికి ముసిరినట్టు చేస్తాయి. అందుకని ఎక్స్‌264 ఎన్‌కోడరులో నాణ్యత అంకెను (చిన్నదైతే నాణ్యత ఎక్కువ) మామూలు 23 దగ్గర వదలకుండా 18, 20 దగ్గర పెడతాను. ఫైలు కొంత లావవుతుంది, అయినా అక్షరం శుభ్రంగా ఉంటుంది. రంగు విషయంలోనూ ఒక కారణం వల్ల తెలుపే మేలు. మామూలు వీడియోలో వెలుగు ప్రతి చుక్కకూ ఉంటుంది, రంగు మాత్రం నాలుగు చుక్కలకు ఒకటే. పసుపు అక్షరం అంచుల్లో రంగు కొంచెం బయటికి కారుతుంది. తెలుపుకు రంగే లేదు కాబట్టి కారేదీ లేదు.

వీడియోను చిన్నది చేయాల్సి ఉంటే ముందు చిన్నది చేసి, తరవాత అక్షరం వేయాలి. వరస తిరగబడితే గీసిన అక్షరాన్ని మళ్లీ నలిపినట్టవుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఈ వరస మనం రాసిన క్రమమే. 288 వరసల ఊహా తెర ఉంది కాబట్టి చిన్న తెరకైనా అక్షరం తన నిష్పత్తిలోనే, కొత్తగా, పదునుగా గీయబడుతుంది.

ఇంత చేసే లిబ్‌ఆస్‌కు తెలుగు అర్థం కాదు, అదొక్కటే నాకు లోటుగా తోచేది. వరస పొడవైతే తనే రెండుగా విరుస్తుంది. రెండు వరసలూ దాదాపు సమానంగా వచ్చేలా కూడా చూస్తుంది. కానీ విరిచేది ఖాళీ ఉన్నచోట మాత్రమే. ‘పోగొట్టుకున్నాననుకుంటుందేమో’ లాంటి మాట వస్తే దానికి చోటు దొరకదు. విశేషణాన్ని పై వరసలో వదిలి నామవాచకాన్ని కిందికి తోస్తుంది, ‘నాన్నకు చెప్పి’ పైనా ‘చంపకు’ కిందా పెడుతుంది. ఆ విరుపు మనిషే చేయాలి. వాక్యాన్ని పొట్టిగా రాసి, ఊపిరి ఆగేచోట వరస మార్చాలి. నెట్‌ఫ్లిక్స్ తన సబ్‌టైటిల్ రచయితలకు పెట్టిన సాధారణ నియమాల్లో రెండు వరసలు మించకూడదని, ఒక మాట ఏడు సెకన్లు దాటి నిలవకూడదని ఉంది. అమెరికాలో ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో ఆడే తెలుగు సినిమాల వల్ల తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు కుదించడం మనవాళ్లకు బాగా అలవాటైంది. పరాయి సినిమాను రెండు పొట్టి తెలుగు వరసల్లోకి దించే చెయ్యి ఇంకా సాధన చేయాల్సి ఉంది.

మొదట చెప్పిన నోటుపుస్తకం దృశ్యానికి ఏఎస్ఎస్ ఇచ్చే ఏర్పాటు ఎంత సులువంటే, కీబోర్డులోని అంకెల పట్టీనే తెరగా ఊహించుకోవాలి. 2 అంటే అడుగున మధ్య, 8 అంటే పైన మధ్య, 7 అంటే పైన ఎడమ. ఇంకా కచ్చితంగా కావాలంటే అడ్డం, నిలువు అంకెలు రాయొచ్చు. ఏజిసబ్ అనే ఉచిత ఎడిటరులో బొమ్మ మీద మౌస్‌తో నొక్కితే ఆ అంకెలు అదే రాసిపెడుతుంది. చోటు చెప్పని రెండు మాటలు ఒకేసారి వచ్చినా లిబ్‌ఆస్ ఒకదాని మీద ఒకటి గీయదు, రెండోదాన్ని పైకి జరుపుతుంది.

ఆదేశాలు టైపు చేయడం ఇష్టం లేనివాళ్లకు హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టరు ఉంది. సబ్‌టైటిళ్ల పేజీలో బర్న్ అన్న గడిలో టిక్కు పెడితే చాలు. ఒక వీడియోకు ఒక్క ట్రాకునే బర్న్ చేయనిస్తుంది, అది సబబే. అందులో ‘ఫారిన్ ఆడియో స్కాన్’ అనే ఏర్పాటు ఉంది. సినిమా అంతా ఒక భాషలో నడిచి నడుమ నాలుగు మాటలు ఇంకో భాషలో వస్తే, సినిమాను ముందుగా ఒకసారి చదివి, ఆ కొద్దిచోట్ల మాత్రమే కనిపించే సబ్‌టైటిళ్లను పట్టి వాటినే బొమ్మలో కలుపుతుంది. బ్లూరేల్లోని బొమ్మ సబ్‌టైటిళ్లను ఎంపీ4లో విడిగా ఉంచడానికి హ్యాండ్‌బ్రేక్ ఒప్పుకోదు, ఎంకేవీలో ఉంచుతుంది. ఎంపీ4 కావాలంటే బర్న్ చేయాల్సిందే.

పని పూర్తయ్యాక బర్న్ చేసిన ఫైలుతో పాటు మూల వీడియోను, ఎస్‌ఆర్‌టీని లేదా ఏఎస్ఎస్‌ను, వాడిన ఫాంటు ఫైలును ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోవాలి. ఎంకేవీలో అయితే ఫాంటును వీడియోలోనే జతచేయొచ్చు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని అక్కడినుంచే తీసుకుంటుంది. ఎవరైనా ‘జహ్రా’ పేరులో అక్షరం తప్పుందని చెబితే స్క్రిప్టులో ఆ ఒక్క వరస దిద్ది, మూల వీడియో నుంచే మళ్లీ తీయాలి. బర్న్ చేసినదాని మీద మరోసారి బర్న్ చేయకూడదు.